చూసిన నెల

సంపూర్ణక్క ఏ కాగితాన్నైనా పైకే చదివేది. కరెంటు బిల్లు, మందు సీసా మీది చీటీ, బస్సులో ముందు సీటు వెనక ఎవరో గీకిపోయిన పేర్లు, ఏదైనా సరే, కళ్లతో చూసి ఊరుకోవడం ఆమెకు చేతకాదు. పక్కనున్నవాళ్లకు వినపడేలా చదివి, నువ్వేమంటావ్ అన్నట్టు వాళ్ల మొహంలోకి చూసేది. ఆమెతో బస్సెక్కాలంటే మొదట్లో నాకు నామోషీగా ఉండేది. చదువుకున్నవాళ్లు లోలోపల చదువుకోవాలని నా అభిప్రాయం. ఆ రోజుల్లో నా దగ్గర అభిప్రాయాలకు కొదవ లేదు.

ఆమెది కుసుమంచి. తండ్రి ఇళ్లకు సున్నాలు వేసేవాడు. తల్లి చర్చి ఆవరణ ఊడ్చేది. తొమ్మిదేళ్ల వయసులో ఆదివారం పూట బైబిలు చదివే పని సంపూర్ణకు వచ్చింది, ఆ పేట పిల్లల్లో తడబడకుండా చదవగలిగింది ఆమె ఒక్కతే కాబట్టి. ముందు చాపల మీద కూర్చునే ముసలివాళ్లలో ఒక్కరికీ అక్షరం రాదు. ఒక ఆదివారం ఆమె చూపు జారి, ఒక వరుస వదిలేసి కింది వరుసలోకి పోయింది. చాపల మీద నుంచి ముగ్గురు నలుగురు ఒకేసారి దగ్గారు. "నడుమ ఒక మాట మింగినవ్ బిడ్డా" అందట ఒక ముసలమ్మ. విని విని వాళ్లకు అదంతా నోటికొచ్చు.

ఈ సంగతి ఆమె నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది. "వెనక బెంచీల మీద టీచర్లు గూడ ఉన్నరు తమ్మీ. వాళ్లెవరూ పట్టుకోలె. చదువు రానోళ్లు పట్టుకున్నరు." పదోసారి విన్నప్పుడు కూడా దాని అర్థం నాకు ఎక్కలేదు.

పదో తరగతి అయ్యాక ఆమెకు పెళ్లయింది. భర్త యోనా భద్రాచలం డిపోలో ఆర్టీసీ డ్రైవరు. గోదావరికి దగ్గర్లో కిరాయి ఇల్లు. వరద వచ్చినప్పుడల్లా సామాను బడి మేడ మీదికి చేర్చి, నీళ్లు తీశాక బురద కడుక్కుని మళ్లీ అదే ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్లు. పిల్లలు కాస్త ఎదిగాక ఆమె అక్షరాస్యత ఉద్యమంలో చేరి గూడేల్లో పెద్దవాళ్ల చేత పలకలు పట్టించింది. అది ముగిశాక అడవి పల్లెల్లో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో కుదిరింది. నేను చూసేనాటికి ఆమెకు నలభై నాలుగేళ్లు. భుజాన గుడ్డ సంచీ, అందులో నీళ్ల సీసా, కాగితాలు. ఎండైనా వానైనా అదే వేషం.

నాది మధిర. పత్తి, వరి, వాటి బేరాలు తప్ప వేరే మాట వినపడని ఇల్లు. డిగ్రీ రెండో ఏడు వదిలేసి, పాత పుస్తకాల దుకాణాల్లో దొరికింది దొరికినట్టు చదివి, లోకం మొత్తం మోసమని తేల్చుకుని, ఇంట్లో ఇమడలేక 2004లో ఆ సంస్థలో చేరాను. కంప్యూటరులో తెలుగు టైపు చేయడం, ఇంగ్లీషు కాగితాలను తెలుగులోకి మార్చడం నా పని.

ఆ ఏడాది మా సంస్థకు నలభై గూడేల పదేళ్ల అటవీ ప్రణాళికలు రాసే పని వచ్చింది. ప్రతి ఊళ్లో ఒక వన సంరక్షణ సమితి ఉంటుంది. ఊరి చుట్టూ ఉన్న అడవిని ఎలా కాపాడుకోవాలో, ఏం నాటాలో, ఏం కొట్టాలో ఆ ఊరివాళ్లే కూర్చుని తేల్చుకోవాలి. దాన్ని మేం రాసి అటవీ శాఖకు పంపాలి. ఉద్దేశం మంచిదే. దానికొక నమూనా కూడా ఇచ్చారు. మొదటి పేజీ 'దృష్టి పత్రం'. పదేళ్ల తర్వాత తమ ఊరు ఎలా ఉండాలని కోరుకుంటున్నారో అందులో రాయాలి. తర్వాత 'తార్కిక చట్రం'. అంటే అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు గళ్లు గీసి, లక్ష్యం, ఫలితం, పనులు, వాటిని కొలిచే గుర్తులు నింపడం. ఆ తర్వాత మ్యాపు, పనుల పట్టిక. అన్నిటి నెత్తి మీదా 'సుస్థిర అభివృద్ధి' అనే మాట. సంపూర్ణక్క గూడేల్లో ఆ మాట వాడేది కాదు. "ఈ యేడు తిన్నది మళ్లొచ్చే యేడు గూడ ఉండాలె. గదే ఇది" అనేసి ముందుకెళ్లేది.

ఆమె ఊరూరా తిరిగి, కూర్చుని, రాసుకొచ్చేది. ఒక్కో ఊరికి మూడు రోజులు పట్టేది. గడువు దగ్గరపడేసరికి ఇరవై రెండు ఊళ్లే అయ్యాయి. మిగిలిన పద్దెనిమిదింటిని నేను కుర్చీలోంచి లేవకుండా ముగించాను. రాసి ఉన్న ఒక ప్రణాళిక తీసుకోవడం, కంప్యూటరులో ఊరి పేరు మార్చడం, ఇళ్ల సంఖ్య రిజిస్టరులోంచి, అడవి విస్తీర్ణం మ్యాపులోంచి ఎక్కించడం. ఒక్కో ఊరికి ఇరవై నిమిషాలు. ఎలాగూ ఎవరూ చదవరు కదా అనుకున్నాను. నలభై ప్రణాళికలూ కట్ట కట్టి పంపాం. పైన పెట్టే ఉత్తరం మీద సమన్వయకర్తగా సంపూర్ణక్క సంతకం చేసింది. చదివే చేసింది, అదీ పైకి. ఆ ఉత్తరంలో తప్పేమీ లేదు.

"నేను పోని ఊళ్లయి ఎట్ల చేసినవ్ తమ్మీ?" అని అడిగింది తర్వాత.

"రిజిస్టర్లలో సమాచారం ఉందక్కా."

"మంచిగైంది. ఇగ వాళ్లకు చదివి వినిపించొద్దాం పా. తప్పుంటే వాళ్లే చెప్తరు."

పంపేసిన కాగితాన్ని మళ్లీ వినిపించడం ఏమిటని నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతోంది.

మేం మొదట వెళ్లిన ఊరు చెలిమలగుంపు. నలభై ఆరు కోయ ఇళ్లు. బస్సులో గంట, దిగాక నాలుగు కిలోమీటర్ల నడక. 2005 మే నెల చివరి రోజులు. బడి పక్కన రేకుల పంచ కింద ముప్పై మంది దాకా కూర్చున్నారు. సమితి అధ్యక్షుడు భద్రయ్య, యాభై ఏళ్ల మనిషి, తెలుగు రానివాళ్లకు కోయలో చెప్పడానికి ముందు కూర్చున్నాడు. అతని పక్కన జంపక్క. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. రెండు కళ్లలోనూ తెల్లటి పొర. మాట వినపడ్డ వైపు మొహం తిప్పేది.

సంపూర్ణక్క కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని మొదలుపెట్టింది. మొదటి మూడు పేజీలు అందరూ బుద్ధిగా విన్నారు. నాలుగో పేజీలో, "గ్రామానికి తూర్పున గల పెద్ద చెరువులో పూడిక తీయుట" అని చదివింది.

భద్రయ్య కోయలో చెప్పబోయి ఆగాడు. "ఏ చెరువమ్మా?"

"తూర్పున ఉన్న చెరువు."

"మా ఊళ్ల చెరువేడిది? తాగే నీళ్లకే వాగు ఇసుకల చెలిమ తోడుకుంటం." అతను దాన్ని కోయలో చెప్పాడు. పంచ కింద నవ్వు లేచింది.

"చెరువుంటే చేపలు ఎవడు తింటుండు మరి?" అన్నాడు వెనక నుంచి ఒకతను.

"మా ముసలోడు పొద్దుగాల పోతే పొద్దుమీకి వస్తడు" అంది జంపక్క. "గా చెరువుల ఈత కొడుతుండేమో, నాకు చెప్పకుండ."

సంపూర్ణక్క కూడా నవ్వింది. నవ్వుతూనే ఒకసారి నా వైపు చూసి, కాగితం తిప్పింది. "గ్రామానికి పడమర నూట ఇరవై ఎకరాల క్షీణించిన అటవీ భూమిని శుభ్రపరచి జామాయిల్ మొక్కలు నాటుట."

"క్షీణించిన అంటే?" అడిగాడు భద్రయ్య.

"చెడిపోయిన."

"శుభ్రపరుచుడంటే?"

ఆమె కాగితాన్ని ఒళ్లో పెట్టుకుంది. "కొట్టేసుడు" అంది.

నవ్వు ఆగిపోయింది. పడమర ఉన్నవి ఇప్పచెట్లు. ఆ ఊరికి చెరువు లేదు, కాలువ లేదు, ఆ చెట్లున్నాయి. ప్రతి ఇంటికీ వాటిలో తనవంటూ కొన్ని, తాతల నాడు పంచుకున్నవి. పువ్వు రాలే ముందు ఎవరి చెట్టు కింద వాళ్లు ఊడ్చుకుంటారు. పువ్వు ఏరుకుంటారు, జూన్‌లో గింజ ఏరుకుని నూనె తీస్తారు. ఎండాకాలం గడిచేది దానితోనే. ఇవన్నీ ఆ రోజు భద్రయ్య చెబితే తెలిసినవి. మా రిజిస్టరులో లేవు.

జంపక్క మొహం మా వైపు తిరిగింది. "పడమట నాయి తొమ్మిది చెట్లు. నాకు కండ్లు కనబడవు, పువ్వు వాసన పట్టుకుని చేత్తోని తడిమి ఏరుకుంట. అమ్మా, ఏరుకునేదాన్ని నేను చెప్తున్న. నా తొమ్మిదింటిల ఏది చెడింది?"

వానలు పడగానే నాటే పని మొదలవుతుంది. అంటే కొట్టే పని జూన్ చివర్లోనే.

తిరుగు బస్సులో సంపూర్ణక్క కిటికీ పక్కన కూర్చుంది. ఆ రోజు ఆమె సీటు వెనక రాతలు కూడా చదవలేదు.

"ఆ చెరువు ఏ ఊరిది?" అని అడిగింది చివరికి.

"వేరే మండలందక్కా."

"మంచి చెరువేనా?"

నేను చేతిలో టికెట్టు మడతపెట్టాను.

"ఎన్ని ఊళ్లకు పంచినవ్ దాన్ని?"

"పద్దెనిమిది."

నన్ను తిడుతుందనుకున్నాను. ఆమెకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్లు తుడుచుకుంది. తర్వాత గొంతు మారింది. "నీ చేతిల కోపముంది తమ్మీ. పనిల పెడితే మంచి కోపమే. నిన్ను గీ పనికి తోలి, ఎట్ల చేసినవో చూడకపోవుడు నా తప్పు. రేపు సారు దగ్గర నువ్వు నోరు తెరవకు. సంతకం నాది."

సంస్థ డైరెక్టరు షాలేమ్‌రాజు గారు చెడ్డవాడు కాదు. గడువుల మధ్య నలిగిన మనిషి. ఆమె చెప్పిందంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పంపిన డాక్యుమెంట్‌ను వాపసు అడగాలా? నువ్వు సంతకం పెట్టావమ్మా సంపూర్ణా."

"పెట్టిన సార్. గందుకే వాపసు తెమ్మంటున్న. వేరేటోళ్లదైతే నాకేంది?"

"పదిహేను రోజుల్లో రివ్యూకు అధికారి వస్తున్నాడు. ఒక ఊరు చూపించమన్నారు."

"చెలిమలగుంపు చూపిద్దాం."

"తప్పు రాసిన ఊరే చూపిస్తావా?"

"ఒప్పు రాసి చూపిస్త."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "అక్కడ నిలబడితే మిగతా పదిహేడూ దిద్దుకుందాం. నిలబడకపోతే ఆ నూట ఇరవై ఎకరాలూ రాసినట్టే జరుగుతాయి. నీ కాంట్రాక్టు గురించి కూడా అప్పుడు నన్ను అడగొద్దు."

ఆమె సరేనని బయటికొచ్చి, నన్ను నోటీసు రాయమంది. ఊరిని ఎరిగినవాళ్లు కావాలి, ముఖ్యంగా ముసలివాళ్లు. నేను నమూనాలో ఉన్న మాటే వాడాను: "శుక్రవారం ఉదయం చెలిమలగుంపులో దృష్టి పత్రం తయారీ. వృద్ధులు తప్పక రావలెను." ఆ నోటీసును యోనా బస్సులో పంపాం. ఆయన దాన్ని రోడ్డు మీది టీకొట్టులో ఇచ్చాడు. టీకొట్టువాడు వచ్చిపోయేవాళ్లందరికీ చదివి వినిపించాడు.

శుక్రవారం మేం వెళ్లేసరికి రేకుల పంచ చాలక జనం ఎండలో కూర్చున్నారు. అందరూ ముసలివాళ్లే. వాగు అవతలి గూడేల నుంచి కూడా కర్రలు పట్టుకుని, మనవరాళ్ల భుజాలు పట్టుకుని వచ్చారు. నేను కళ్లజోడు పెట్టుకుని ఉన్నాను. ఒక ముసలాయన నేరుగా నా ముందుకొచ్చి, రెండు వేళ్లతో కంటి రెప్ప పైకి లాగి, కదలకుండా నిలబడ్డాడు.

నాకు అర్థం కాలేదు. సంపూర్ణక్కకు అయింది. "అయ్యో దేవా" అంది మెల్లగా.

భద్రయ్య ఎదురొచ్చాడు. "డాక్టరేడమ్మా? దృష్టి చూస్తరన్నరు గద. గా తాత ఆపరేషనంటే పొట్ట ఖాళీగుండాలంట అని పొద్దుగాల నుంచి గంజి గూడ తాగలె."

నేనైతే ఏదో అబద్ధం చెప్పి ఉండేవాణ్ని. డాక్టరు వచ్చే బస్సు చెడిపోయిందనో ఇంకేదో. సంపూర్ణక్క సంచీలోంచి నోటీసు తీసి అందరికీ పైకి చదివింది. చదివి, "తప్పు మాది" అంది. "ముందు చూపు అని రాయబోయి దృష్టి అని రాసినం. డాక్టర్ రాలె. కండ్ల డాక్టర్ను నేను తెస్త, మాటిస్తున్న, పేర్లు రాసుకుంట. గానీ ఇంత దూరమొచ్చిండ్రు. ఇయ్యాల నాకు మీ కండ్లతోని పనిలేదు. గా కండ్లతోని ఇన్నేండ్లు ఏం చూసిండ్రో గది కావాలె. పడమటి ఇప్పలు కొట్టేయమని కాగితం పోయింది. దాన్ని మార్పించాలె."

భద్రయ్య కోయలో చెప్పాడు. గుసగుసలు నడిచాయి. ఒక్కరూ లేవలేదు. సంపూర్ణక్క ముందు ఆ పస్తున్న తాతకు జావ తెప్పించి తాగించింది. తర్వాత అరవై మూడు పేర్లు రాయించింది. ఆ తర్వాతే మ్యాపు పరిచింది.

నేను మ్యాపు వివరించాను. ఇది ఉపగ్రహం పైనుంచి తీసిన ఫోటోతో చేసింది, పచ్చగా ఉన్నచోట దట్టమైన అడవి, పసుపుపచ్చగా ఉన్నచోట అడవి పలచబడిపోయిందని అర్థం. పడమర నూట ఇరవై ఎకరాలూ పసుపే.

"ఎంత పైనుంచి తీసిండ్రు?" అంది జంపక్క.

"చాలా పైనుంచి అవ్వా. మబ్బుల కంటే పైన."

"ఏ నెలల?"

ఏడాదిగా ఆ మ్యాపులతోనే బతుకుతున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. మూలన సన్నని అక్షరాల్లో ఏదో ఉంది. సంపూర్ణక్క మ్యాపును దూరంగా పట్టుకుంది, దగ్గరికి తెచ్చుకుంది, నాకిచ్చింది. "నువ్వు చదువు." చదివాను. మార్చి రెండో తేదీ.

భద్రయ్య దాన్ని కోయలో చెప్పగానే జంపక్క చేతులు జోడించి పైకి దండం పెట్టినట్టు పెట్టి నవ్వింది. "మార్చిల ఇప్ప ఒంటి మీద ఆకుంచుకుంటదా బాబూ? ఉన్నదంత రాల్చి పువ్వుకు కూసుంటది. కాన్పుకు కూసున్నదాన్ని పైనుంచి చూసి, ఇది చెడిపోయిందని రాసుకపోయినవా?"

మ్యాపుది తప్పు కాదు. అది ఏం చూసిందో అదే చెప్పింది. ఎప్పుడు చూసిందో కూడా మూలన చెప్పింది. చదవనిది నేను.

తర్వాత మూడు రోజులు చెట్లు లెక్కపెట్టాం. ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి చెట్ల దగ్గర నిలబడాలి. ఏది ఎవరిదో అనుమానం వస్తే ముసలివాళ్లను పిలిచేవాళ్లు. జంపక్క బెరడు మీద అరచెయ్యి పెట్టి, వేళ్లతో ఒక తొర్రనో బొడిపెనో తడిమి, "ఇది వాళ్ల తాతది" అని చెప్పేది. నేను పుస్తకంలో రాసుకుంటూ ఆమె వెనక నడిచాను. అన్ని రోజులు వరసగా నేల చూస్తూ నడవడం నాకు అదే మొదలు. చివరికి ఐదు వందల ముప్పై ఎనిమిది చెట్లు తేలాయి.

చట్రంలో గళ్లన్నీ మళ్లీ నింపాం. లక్ష్యం దగ్గర భద్రయ్య చెప్పింది చెప్పినట్టు పెట్టాం: పదేళ్ల తర్వాత కూడా ప్రతి ఇంటికీ తన చెట్ల కింద ఊడ్చుకునే పని ఉండాలి. పనుల దగ్గర, చెట్లు చచ్చి ఖాళీ పడ్డచోట ఇప్ప మొక్కలే నాటాలి. కొలిచే గుర్తు, చెట్ల సంఖ్య. ఇంత సులువుగా నిండే గళ్లను నేను పద్దెనిమిదిసార్లు అబద్ధంతో నింపాను.

జూన్ రెండో వారంలో అధికారి వచ్చాడు. మాట తక్కువ మనిషి. కుర్చీ వేస్తే కూర్చోకుండా పంచ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. షాలేమ్‌రాజు గారు వేరే పని మీద వెళ్లాల్సి వచ్చి, సంపూర్ణక్కను ఒక్కదాన్నే వదిలారు. ఆమె ప్రణాళిక మొత్తం చదవడం మొదలుపెట్టింది.

"ఇప్పచెట్లు, ఐదు వందల ఎనభై ఎనిమిది..."

"ముప్పై ఎనిమిదమ్మా" అన్నాడు భద్రయ్య.

ఆమె ఆగింది. కాగితం దూరంగా పట్టుకుని చూసింది.

"ఐదు వందల ముప్పై ఎనిమిది" అన్నాడు అతను మళ్లీ. "యాభై చెట్లు ఏడికెళ్లి తెచ్చినవ్?"

"గా చెరువు కట్ట మీదున్నయేమో" అంది జంపక్క.

పంచ కింద నవ్వులు. అధికారి స్తంభం నుంచి జరిగి ముందుకొచ్చాడు. "ఏ చెరువు?"

సంపూర్ణక్క కాగితం దించింది. "లేని చెరువు సార్. మొదట పంపిన ప్లానుల మేమే రాసినం, ఊరికి రాకుండ. చదివి వినిపిస్తే వీళ్లు పట్టుకున్నరు. నా సంతకంతోనే వచ్చింది, తమరి దగ్గరుంటది."

"ఆయనకు చదువొచ్చా?" అన్నాడు అధికారి భద్రయ్యను చూపిస్తూ.

"లేదు సార్."

"మరి కాగితంలో అంకె తప్పని ఎలా చెప్పాడు?"

"లెక్కపెట్టింది వాళ్లు గద సార్. కాగితం ఎంతంటే వాళ్లకేంది?"

ఆ మాటతో ఆయన పడమటికి దారి తీశాడు. మేమంతా వెనక నడిచాం. మార్చిలో పసుపుపచ్చగా కనబడ్డ నేల మీద ఆ రోజు ఎండ పొడ పడటం లేదు. కొమ్మ కొమ్మకూ ఆకు, ఆకుల మధ్య కాయలు. జంపక్క తన తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా తట్టి చూపించింది. ఆయన ప్రతిదాని దగ్గరా ఆగాడు. చివరి చెట్టు దగ్గర పెన్ను తీసి, మా పాత ప్రణాళికలో జామాయిల్ నాటమన్న పేజీని అడ్డంగా కొట్టేసి సంతకం చేశాడు. మిగతా పదిహేడు ఊళ్లవీ దిద్ది పంపమని మూడు నెలల గడువిచ్చాడు.

చెరువు అన్న మాట వచ్చినప్పుడు ముందుకొచ్చి, అది రాసింది నేనని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె ముందే వద్దంది కదా అని సర్దుకున్నాను. లోకమంతా అబద్ధమని ఎవరికి పడితే వాళ్లకు చెప్పేవాణ్ని, నా వంతు నిజం చెప్పాల్సిన ఒక్క నిమిషంలో ఆమె వెనక దాక్కున్నాను. ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను ఆ మాట అనలేదు. అందుకే నేనే ఇక్కడ రాస్తున్నాను.

కంటి డాక్టరును తేవడానికి ఆమెకు అక్టోబరు దాకా పట్టింది. ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. చివరికి ఒక మిషన్ దవాఖానా వాళ్లు ఒప్పుకున్నారు. యోనా సెలవు పెట్టి వాళ్ల వ్యాను తోలాడు. అరవై మూడు పేర్లూ ఆమె ఒక్కొక్కటిగా పిలిచింది. ఇరవై ఆరుగురికి ఆపరేషన్ అన్నారు, దవాఖానాకు తీసుకెళ్లి చేసి, వాళ్లే దించిపోయారు. జంపక్కకూ, ఈసారి పొద్దున్నే జావ తాగి వచ్చిన ఆ తాతకూ అయింది.

శిబిరం రోజు ఆఖరున నర్సు, "మీరూ కూర్చోండి మేడం" అంది. దగ్గరి చూపుకు చదివించే అక్షరాల అట్ట చేతికిచ్చింది. సంపూర్ణక్క రెండు వరుసలు చదివి మూడో వరుస దగ్గర ఆగిపోయింది. "గీ వరుస అచ్చు సరిగ పడలేదు" అంది. నర్సు నవ్వి, అద్దాలు మార్చి పెట్టింది. అచ్చు సరిగానే పడింది.

అక్కడే కూర్చుని ఉంది జంపక్క. "మాకు చదివినయన్ని కనబడకుండనే చదివినవా అమ్మా?"

"కనబడ్డయి చదివిన" అంది సంపూర్ణక్క. "కనబడనియి మీరు దిద్దిండ్రు."

మిగతా పదిహేడు ఊళ్లూ గడువులోపే తిరిగాం. నేనూ తిరిగాను. ప్రతి ఊళ్లో మ్యాపు కింద ఆమె స్కేలు పెట్టి ఒక గీత గీసి, నా చేత 'చూసిన నెల' అని రాయించేది. నమూనాలో ఆ గడి లేదు. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ తీసేయమనలేదు. సంస్థకు వచ్చిన ఆ పథకం 2007లో ముగిసింది. యోనా రిటైరయ్యాక వాళ్లు కుసుమంచి వెళ్లిపోయారు. నేను వేరే సంస్థలో అదే పని చేస్తున్నాను. పాత చట్రాలు పోయి కొత్త చట్రాలు వచ్చాయి, వాటి పేర్లు ఇంకా పొడుగు. నాకు కోపం తగ్గలేదు. కానీ ఏ కాగితమైనా పైకి చదవందే పంపడం లేదు. కొత్తగా చేరిన పిల్లలు నాతో బస్సెక్కడానికి నామోషీ పడుతున్నారు.

మొన్న మార్చిలో చెలిమలగుంపు వెళ్లాను. పడమర ఒక్క ఆకు లేదు. చెట్ల కింద నేల అద్దంలా ఊడ్చి ఉంది. కళ్లద్దాలు పెట్టుకున్న జంపక్క, మునుపటిలాగే వాసన పట్టుకుని, చేత్తో తడుముతూ పువ్వు ఏరుతోంది. అద్దాలుండి తడమడం ఎందుకని అడిగితే, అద్దాలు మనుషులను చూడటానికంది. భద్రయ్య నన్ను ఖాళీల్లోకి తీసుకెళ్లి, ముళ్లకంప కట్టిన ఇప్ప మొక్కలను చూపించాడు. మోకాలెత్తు, నడుమెత్తు ఉన్నాయి.

"సంపూర్ణమ్మకు చెప్పు" అన్నాడు. "ముప్పై ఒకటి పట్టుకున్నయి. ఆమె ఎక్కువ చదివిన యాభైకి ఇంక పందొమ్మిది తక్కువ."